ఒకటో తరగతి నా చేతిలోంచి పోయిన ఏడాది

ఇది నేను ఎప్పుడో రాయాల్సింది. అక్షరాలు ఆలస్యంగా నేర్చిన మనిషి కదా, చేయి తిరగక రాయలేదని మా వాళ్లు అనుకుంటారు. నేనూ వాళ్లను అట్లాగే అనుకోనిచ్చాను. అసలు కారణం వేరు. ఇందులో వచ్చే వనజ టీచర్ మొన్నమొన్నటి దాకా మా సిద్దిపేటలోనే, మా వీధికి రెండు వీధుల అవతలే ఉండేది. నేను చేసిన పని ఆమెకు తెలుసు. ఆ పని చేసినప్పుడు నేనెంత సంతోషపడ్డానో తెలియదు. రాస్తే అది కూడా రాయాలి. అందుకే ఇన్నాళ్లు కలం ముట్టలేదు. పోయిన ఏడాది ఆమె ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంతలో మా చెల్లెలి మనవరాలికి టీచరు ఉద్యోగం వచ్చింది. నా దగ్గరికి వచ్చి, "పెద్దవ్వా, నాకు ఒకటో తరగతి ఇచ్చిన్రే. గింత గింత పోరగాండ్లు. ఎట్ల చెప్పాలె?" అని అడిగింది. రాసిస్తానన్నాను. ఆమె కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం ఇది.

ఉద్యోగం పేరు, చేసిన పని

నా ఉద్యోగం పేరు ఆయా. ఊడ్వడం, మట్టి రంజన్లలో నీళ్లు నింపడం, గంట కొట్టడం, ఏడ్చే పిల్లల ముక్కులు తుడవడం. మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయనకు దమ్ము రోగం వచ్చి కాళ్లు ఆడించలేకపోయాక నేను బడిలో చేరాను. అంతకు ముందు నాకు తెలిసిన విద్య బీడీలు చుట్టడం ఒక్కటే. ఏడేళ్లకే నా ఒళ్లో చాట పెట్టారు. తునికాకు తడపడం, కత్తిరించడం, చుట్టడం. బడి గోడ అవతల నుంచి పిల్లలు ఏదో పాడుతుంటే అది పాట అనుకునేదాన్ని. అవి అక్షరాలని ముప్పై ఏళ్లు దాటాక తెలిసింది.

సాయంత్రం బోర్డు తుడవడం కూడా నా పనే. ఏం తుడుస్తున్నానో తెలియకుండా మూడేళ్లు తుడిచాను. ఒకనాడు ఎందుకో ఒక మూలన ఒక అక్షరం తుడవకుండా వదిలేశాను. ఎవరూ లేనప్పుడు చాక్‌పీసు ముక్కతో నేల మీద దాన్నే దిద్దాను. మరునాడు ఇంకొకటి. ఒకటో తరగతికి చెప్పే నర్సయ్య సారు ఓ వారానికి కనిపెట్టాడు.

"రాజవ్వా, బోర్డు మొత్తం తుడుస్తలేవేంది? మూలకు ఒకటి మిగులుతుంది."

"గది ఇంక నాకు రాలే సార్. రేపటి దాక ఉండనియ్యున్రి."

ఆయన నవ్వలేదు. మరునాటి నుంచి పాఠమప్పుడు తలుపు దగ్గర నిలబడమన్నాడు. ఆయన పద్ధతి బెత్తం, పాట. "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి" అని నలభై గొంతులు ఒక్కసారి లేచేవి. తలుపు దగ్గర నాది నలభై ఒకటోది.

ఇక్కడే నా మొదటి ఈర్ష్య చెప్పాలి. ఆ పిల్లలకు ఆరేళ్లు, నాకు ముప్పై నాలుగు. ముక్కు చీదుకోవడం రాని పిల్లలు నాకంటే ముందు పుస్తకం అందుకున్నారు. వాళ్లకు నీళ్లు ఇచ్చేటప్పుడు గ్లాసు కాస్త గట్టిగా పెట్టేదాన్ని. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. చదువు చిన్నప్పుడే దొరకడమే తప్పయినట్టు చూసేదాన్ని.

నాకు చదువు వచ్చింది కానీ ఒక అవిటితో వచ్చింది. "కు" కనిపిస్తే నేరుగా "కు" అనలేను. మనసులో క, కా, కి, కీ అని పరుగెత్తి అక్కడికి చేరాలి. బస్టాండులో బస్సు బోర్డు చదువుదామని నిలబడేదాన్ని. చ చా చి అని మొదలుపెట్టి నేను చివరి అక్షరానికి వచ్చేలోపు బస్సు వెళ్లిపోయి, పక్క ఊరు చిన్నకోడూరులో దిగేవాళ్లను దించేసేది. ఈ అవిటి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఆరేళ్లు నా గది

నర్సయ్య సారు రిటైరయ్యాక అయిదు తరగతులకు ఇద్దరు సార్లే మిగిలారు. ఒకటో తరగతి ఎవరికీ అక్కర్లేదు. హెడ్‌మాస్టరును మేం పెద్ద సారు అనేవాళ్లం. ఆయన ఒకనాడు, "రాజవ్వా, జర గా పోరగాండ్లను సప్పుడు జెయ్యకుండ సూడు" అన్నాడు. చూడమన్నది ఆయన. చెప్పడం నేను మొదలుపెట్టాను. అప్పటికి ప్రైవేటుగా ఏడో తరగతి పరీక్ష కూడా గట్టెక్కాను. ఆరేళ్లు ఆ గది నాదే. నర్సయ్య సారు పాటే పాడించాను. బెత్తం మాత్రం వాడలేదు. ఒక పిల్ల పొరపాటున నన్ను "టీచర్" అంది. ఆమెను సరిదిద్దలేదు. ఆ సాయంత్రం ఇంటికి ఎట్లా నడిచానో నాకే తెలియదు.

నా పిల్లలు గుణింతం ఆగకుండా చెప్పేవాళ్లు. వినేవాళ్లు మెచ్చుకునేవాళ్లు. మధ్యలో ఒక అక్షరం మీద వేలు పెట్టి ఇదేందని అడిగితే మొదటి నుంచి పాడాల్సిందే. అది నేను చూడకపోలేదు. నాకూ అంతే కదా, చదువు అంటేనే అట్లా ఉంటుంది అనుకున్నాను. ఇది నా వృత్తిలో చేసిన పెద్ద తప్పు. నా అవిటిని ఆరేళ్లు, ఏటా నలభై మందికి పంచాను.

వనజ టీచర్

ఎనభైలు అయిపోతుండగా వనజ టీచర్ వచ్చింది. ఇరవై రెండేళ్లు. ట్రైనింగు అయి నేరుగా మా బడికే వచ్చింది. బడి వెనక సందులో గది కిరాయికి తీసుకుంది. పెద్ద సారు ఆమెను వెంటబెట్టుకుని నా గదికి వచ్చి, "రాజవ్వా, ఇగ నీకు తిప్పలు తప్పినయి. నువ్వు నీళ్లు, గంట సూస్కో" అన్నాడు. నాకు మంచి చేస్తున్నాననే అనుకున్నాడు పాపం.

ఆమె మీద నాకు ఎందుకెందుకు కడుపు మండిందో వరుసగా చెప్పగలను. చీర కుచ్చిళ్లు మధ్యాహ్నానికి కూడా నలగవు. బోర్డు మీద రాస్తే అచ్చు వేసినట్టు ఉంటుంది. పిల్లలు గేటు దాకా ఎదురుపోయి ఆమె వేళ్లు పట్టుకోవడానికి కొట్లాడుతారు. అన్నిటికంటే ఎక్కువ, ఆమె చదువుతుంటే మధ్యలో పెదవులు కదలవు. చూస్తుంది, అంతే. తెలిసిపోతుంది.

ఆమె అ, ఆ లతో మొదలుపెట్టలేదు. మొదటి రోజు, "మీ ఇంట్ల ఏమేం ఉన్నయి?" అని అడిగింది. గంప, పలక, గడప, వల అని పిల్లలు అరిచారు. పాత క్యాలెండర్ల వెనక ఆ మాటలే పెద్దగా రాసింది. మాట మొత్తం చూపించి చదివించింది. నాలుగు రోజుల తర్వాత కత్తెర తీసుకుని మాటను అక్షరాలుగా కత్తిరించింది. ముక్కలు కలిపి, మార్చి మళ్లీ పేర్చమంది. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని ముక్కలు జరిపేవాళ్లు. నాకది చదువులా కనిపించలేదు, గచ్చకాయల ఆటలా కనిపించింది. నేను ఊడ్చి శుభ్రం చేసిన నేల మీద కాగితం చెత్త.

మూడు నెలలకు పిల్లలు అగ్గిపెట్టె మీది పేరు చదివారు. చాక్‌పీసుల డబ్బా చదివారు. ఒకనాడు బస్టాండు దగ్గర నా తరగతిలో ఉండాల్సిన పిల్ల ఒకతి తల్లి చేయి పట్టుకుని వస్తూ ఆమెతో, "అవ్వా, గది బెజ్జంకి బస్సు" అంది. ఒక్క చూపుతో. అలాంటి బోర్డుల ముందు నేను నాలుగేళ్లు నిలబడి పోగొట్టుకున్న బస్సులు అన్నీ గుర్తుకొచ్చాయి.

ఆమె పద్ధతిలో లోపాలు లేవని కాదు. రాత మీద ఆమెకు పట్టింపు తక్కువ. పిల్లల అక్షరాలు కోడి గీకినట్టు ఉండేవి. గుణింతం వరుస అసలు నేర్పకపోతే పెద్ద తరగతుల్లో తడుముకుంటారు. ఈ మాట తర్వాత ఆమెకే చెప్పాను, ఒప్పుకుంది. కానీ నడిచే కాలు ముందు రావాలి, నడక అందం తర్వాత.

మునీరా

ఆ తరగతిలో మునీరా అనే పిల్ల ఉండేది. బడి పక్క సందులో ఖాజాబీ బిడ్డ. తండ్రిది బొంబాయి పక్క భివండీలో మరమగ్గాల మీద పని. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. బయట తెలుగు వచ్చు కానీ ఆ పిల్ల అంతగా నోరు విప్పేది కాదు. ఇంట్లో ఏమున్నాయని టీచరు అడిగితే చానా సేపటికి "చాబీ" అంది. పిల్లలు నవ్వారు.

"నవ్వుడెందుకు? తాళంచెవిని మునీరా వాళ్లింట్ల చాబీ అంటరు. మంచి మాట" అని వనజ టీచర్ క్యాలెండర్ వెనక దాన్ని తెలుగు అక్షరాల్లో రాసి గోడకు అంటించింది. ఆ కాగితాన్ని మునీరా వచ్చేటప్పుడు ఒకసారి, పోయేటప్పుడు ఒకసారి చదివేది. అయినా మిగతా పిల్లలకంటే వెనకే ఉంది. అందరూ ఇరవై మాటలు చదువుతుంటే ఆమెకు అయిదారు.

అది చూసి నాకు ఎంత హాయిగా ఉందో చెప్పాలి. ఆ టీచరుకు లొంగని పిల్ల ఒకతి ఉంది. ఈమెను నేను చదివించి చూపిస్తే?

ఖాజాబీ అప్పుడప్పుడు బడి ముందు ఆగి సతాయించేది. "టీచరమ్మా, దీని ఈడు పిల్లలు ఆకు కత్తిరిస్తున్నరు. ఇది పలక పట్టుకొని తిరుగుడేనా? సద్వు వస్తే సద్వనియ్యి, లేకుంటె ఇంట్ల కూసోబెడ్త."

"ఒక్క రెండు నెలలు ఆగు ఖాజాబీ. వస్తది" అంది వనజ టీచర్.

"రెండు నెలలే. మల్ల నేనే వచ్చి సూస్త."

నాకు గడువు కూడా దొరికింది. నేను బడి తాళం తీసేది అందరికంటే గంట ముందు. మునీరాను పిలిచి రంజన్లు పెట్టే గదిలో కూర్చోబెట్టాను. గుణింతం మొదలుపెట్టాను. ఆమె గొంతు మంచిది. పాట అనగానే పట్టేసింది. పదిహేను రోజుల్లో క గుణింతం నుంచి చ, త, ప, బ దాకా వచ్చింది. ఒక్కో రోజు బెల్లం ముక్క పెట్టేదాన్ని.

"టీచరమ్మకు చెప్పకు బిడ్డా. మనిద్దరి ముచ్చట ఇది. నీకు మొత్తం వచ్చినంక చెప్దాం. ఏం?"

తల ఊపింది. ఆ పిల్లకు రహస్యం దాచడం వచ్చు. నాకంటే బాగా వచ్చు.

ఖాజాబీ వచ్చిన రోజు

రెండు నెలలు కాగానే ఒక గురువారం ఖాజాబీ వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను చీపురు పట్టుకుని వరండాలో ఉన్నాను. వనజ టీచర్ ధైర్యంగా, "నీ ముందటనే సద్విపిస్త, సూడు" అని మునీరాను లేపింది. సులువుగా ఉండాలని గోడ మీది ఆ పిల్ల సొంత మాటే చూపించింది.

"ఇదేంది బిడ్డా?"

మునీరా దాన్ని చూసింది. రెండు నెలల కింద ఒక్క చూపుతో చదివిన మాట. పెదవులు కదిలాయి. "చ... చా" అంది. తర్వాత రెండో అక్షరానికి పోయి "బ, బా, బి, బీ" అంది. అక్కడ ఆగాలి. ఆగలేదు. పాట కదా, మధ్యలో ఆగదు. "బు, బూ, బె, బే" అని చివరి దాకా పోయింది. అంతలో మొదటి అక్షరం మరచిపోయింది. మళ్లీ మొదటికి వచ్చింది. "చ, చా, చి, చీ..." పిల్లలు కిలకిలా నవ్వారు.

"మునీరా, ఇది నీ మాటేనమ్మా. అంతకు ముందు సద్వినవు గదా!" అంది టీచరు.

పిల్ల కళ్లు నిండాయి. మళ్లీ పాట మొదలుపెట్టింది.

"సద్వుమంటె పాట పాడుతుంది" అంది ఖాజాబీ. "గీ పాటకు నా రెండు నెలలు పోయినయి. నడువ్, ఇంటికి నడువ్."

"ఒక్క నిమిషం ఖాజాబీ. ఇట్ల నేను నేర్పలేదు. మునీరా, ఇట్ల సద్వుమని నీకు ఎవరు చెప్పిన్రు?"

మునీరా తల వంచుకుంది. నా వైపు చూస్తుందేమోనని గోడ పక్కకు జరిగాను. చూడలేదు. నా పేరు చెప్పలేదు. తల్లి రెక్క పట్టుకుని తీసుకుపోయింది. వరండాలో నన్ను దాటి పోయేటప్పుడు కూడా ఆ పిల్ల తల ఎత్తలేదు. నేను ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాను.

పాయసం

బడి వదిలాక వనజ టీచర్ మెట్ల మీద కూర్చుని ఉంది. ముఖం ఉబ్బి ఉంది.

"నా తోని కాలే రాజవ్వా. వచ్చిన సద్వు కూడ పోయింది గా పిల్లకు. ఆ ముక్కలు, ఆ ఆటలు అందరికి పనికి రావేమో. పెద్ద సారుతోని మాట్లాడిన. రేపటి సంది ఒకటో తరగతి నువ్వే చెప్పు, నీ పద్ధతిల. నేను మూడు, నాలుగు సూస్కుంట."

"అయ్యో, ఎందుకు టీచరమ్మా" అన్నాను. లోపల ఏమున్నదో ఆ మాటలో లేదు. లోపల పండుగ. చెప్పాల్సింది నా నాలుక మీదే ఉంది, మింగేశాను. ఇంటికి పోతూ దారిలో సేమ్యా కొన్నాను. పాయసం వండాను.

మా ఆయన మంచంలో లేచి కూర్చున్నాడు. "ఏందే, ఇయ్యాల పండుగనా?"

"ఒకటో తరగతి మల్ల నాకే ఇచ్చిన్రు."

"అబ్బో, టీచరు రాజవ్వ! మరి గా కొత్త టీచరమ్మకు ఏమైంది?"

"ఒక పిల్లకు సద్వు వస్తలేదు. వాళ్లవ్వ బడి మాన్పిచ్చింది. గందుకని ఈమె పక్కకు జరిగింది."

"ఎవల పిల్ల?"

"ఖాజాబీ బిడ్డ."

"మరి ఏం జేస్తది ఇగ గా పిల్ల?"

"ఏం జేస్తది? ఆకు కత్తిరిస్తది" అన్నాను.

అన్నాక గిన్నె దించి కింద పెట్టాను. నా ఏడేళ్ల నాటి చాట, వేళ్ల సందుల్లో కత్తెర కోతలు, గోడ అవతలి పాట, అన్నీ నాకు తెలుసు. తెలిసి అన్నాను, అన్నం వండుతుంది అన్నంత తేలికగా. ఒకరు నన్ను అందులో కూర్చోబెట్టారని ముప్పై ఏళ్లు ఏడ్చాను. ఇప్పుడు ఒక పిల్లను నేను కూర్చోబెట్టాను. అదీ ఆమె మీద కోపంతో కాదు, ఇంకొకరి మీద ఓర్వలేనితనంతో.

"పాయసం మంచిగుంది. నువ్వు తింటలేవేంది?" అన్నాడు మా ఆయన.

మా చెల్లెలి మనవరాలికి చెప్పేది ఇక్కడే చెప్తాను. అక్షరాన్ని వరుసలోంచి విడదీసి, ఎక్కడ కనిపించినా పట్టుకునేలా నేర్పు. పిల్ల ఇంటి మాటతో మొదలుపెట్టు, అది ఏ భాషదైనా సరే. ఇవన్నీ ట్రైనింగులో నీకు చెప్పే ఉంటారు. చెప్పనిది ఒకటుంది. ఒక పిల్లకు చదువు రాకపోతే ముందు నీ పద్ధతిని చూడు, తర్వాత నీ కడుపులో చూడు. ఆ పిల్ల ఓడిపోవాలని బడిలో ఎవరైనా కోరుకుంటున్నారా అని అడుగు. కోరుకునేది నువ్వే కావచ్చు.

మరునాడు పొద్దున

పొద్దున బడి తాళం తీయకుండానే ఖాజాబీ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో తునికాకు తడుపుతోంది. మునీరా పక్కన కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది. ఆ కత్తెరలో వేళ్లు సరిగా దూరడం లేదు.

"గట్ల సద్వుమని నేర్పింది నేనే" అన్నాను. "టీచరమ్మకు తెల్వకుండ రోజు పొద్దుగాల కూసోబెట్టిన. వచ్చిన సద్వును నేనే చెడగొట్టిన."

ఖాజాబీ చేతులు నీళ్లలోనే ఆగాయి. "ఎందుకు ఆయమ్మా? నా బిడ్డ నీకేం జేసింది?"

"నీ బిడ్డ ఏం జెయ్యలే. టీచరమ్మను జూసి ఓర్వక చేసిన."

"నీ కడుపుల మంటకు నా బిడ్డ దొరికిందా నీకు?" లేచి నిలబడింది. కొడుతుందనుకున్నాను. "నాకు చెప్పుడు గాదు. నడువ్. టీచరమ్మకు చెప్పు. నా ముందట చెప్పు."

ముగ్గురం నడిచాం. ఖాజాబీ పిల్ల సంచి చంకలో పెట్టుకుంది. మునీరా మా ఇద్దరి మధ్య. వనజ టీచర్ తన గది నుంచి వచ్చి, తాళం తీయని తలుపు ముందు నిలబడి ఉంది. నేను ఖాజాబీకి చెప్పిన మాటలే మళ్లీ చెప్పాను. రెండోసారి సులువవుతుంది అనుకున్నాను, కాలేదు.

వనజ టీచర్ వంగి మునీరా ముఖంలోకి చూసి, "రోజు ఎంతసేపు కూసుంటుంటివి బిడ్డా? ఏమేం నేర్చుకున్నవు?" అని అడిగింది.

మునీరా నా ముఖం వైపు చూసింది.

"చెప్పు బిడ్డా. ఇగ చెప్పొచ్చు" అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. తెలుగులో కొంత, ఉర్దూలో కొంత. రంజన్ల గది చల్లగా ఉండేదని, బెల్లం పెట్టేదాన్నని, పాట ఆగమంటే ఆగేది కాదని, చెప్పొద్దన్నానని. ఖాజాబీ విన్నంతసేపు విని, చంకలోని సంచి తీసి గుమ్మం పక్కన పెట్టి, ఎవరితో చెప్పకుండా వెళ్లిపోయింది. పిల్ల ఇంకా చెప్తూనే ఉంది, టీచరు వేలు పట్టుకుని.

రెండు నెలలు నా ఎదురుగా కూర్చున్న పిల్ల అన్ని మాటలు నాతో ఎన్నడూ ఆడలేదు. అది వింటూ అక్కడ నిలబడలేకపోయాను. తలుపు తాళం తీసి, బిందె తీసుకుని నీళ్లకు పోయాను.